ఒక్క యింటిలో రెండిండ్లు

ఒక కప్పు క్రింద నున్నవారు ఒకరితో నొకరు మాటలాడుకొనకపోవుట లోకములో వింత గాదు. తోడికోడండ్రు మూడేసి నెలలు పలుకరించుకొనక, ఉప్పు కావలసినప్పుడు పిల్లవానిచేత కబురు పంపుకొనిన యిండ్లను మేమెఱుగుదుము. అట్టి చోట్ల కారణము వాడకంతటికిని తెలియును. కాని రెండు యంత్రములు ఒకే యింట నుండి, రెండును చక్కగా పనిచేయుచు, రెండును దూరదేశములతో మాటలాడుచు, తమలో తాము మాత్రము ఒకదాని నొకటి యెఱుగకుండుట మా యింట జరిగినది. ఆ సంగతి మాకు తెలియుటకు మా మామగారు ఒక రాత్రి గంటసేపు నాపరాతి నేలపై పడియుండవలసి వచ్చినది. ఇప్పుడు చాల యిండ్లలో ఇట్టి యంత్రములు చేరుచున్నవి గనుక, మేము పడిన పాట్లు సోదరీమణులకు చెప్పుట మంచిదని తోచినది.

మా కాపురము కడప జిల్లాలో ఎఱ్ఱగుంట్లకు సమీపమున నొక పల్లెలో. మా వారు అచ్చటి పాఠశాలలో ఉపాధ్యాయులు. ఇల్లు తాతలనాటిది. రెండడుగుల మందము గల రాతిగోడలు, నాపరాతి పరుపు, ముందు పడసాల, నడుమ వంటిల్లు, పెరటివైపున కొట్టిడి. పైప్రాంతముల వారు కడపరాయి యని కొనిపోవునది ఈ నాపరాయియే. వేసవిలో ఒంటికి చల్లగా నుండునని మామగారు ఎప్పుడును కొట్టిడిలోనే పడుకొందురు. నిరుడు పుష్యమాసమున వారికి పక్షవాతము వచ్చి ఎడమ చేయి, ఎడమ కాలు స్వాధీనము తప్పినవి. మాట వచ్చుచున్నది గాని గొంతు తగ్గిపోయినది. పడసాలలో పడుకొనుమని యెంత బతిమాలినను వినలేదు.

మా పెద్దవాడు తొమ్మిదవ తరగతి చదువుచున్నాడు. వాడే యొక ఉపాయము చెప్పెను. పిడికిలిలో నిమిడెడి కెమెరా నొకదానిని తెప్పించి అబ్బ మంచమున కెదురుగా గూటిలో పెట్టెను. అది బొమ్మను, మాటను కూడ మా ఫోనునకు పంపును. గదిలో సద్దయినచో ఫోను మ్రోగును. మనము ఫోనులో పలికిన మాట అచ్చట వినబడును. పడసాలలోని వైఫై పెట్టె శక్తి కొట్టిడి దాక చాలకపోగా, వంటింటి వెనుక గోడకు మఱియొక పెట్టెను కూడ తగిలించెను. నాలుగు నెలలు బాగుగా గడచినవి. వంటింట రొట్టెలు తట్టుచు మేము "మామా, మజ్జిగ తెమ్మంటారా?" యని ఫోనులో నడుగుటయు, వారు "తే అమ్మా" యనుటయు మాకు నలవాటైపోయినది.

వైశాఖమాసములో నొక రాత్రి పెనుగాలి వీచి కరెంటు పోయెను. అర్ధరాత్రికి మరల వచ్చెను. ఫ్యాను తిరిగినది, పెట్టెల దీపములు వెలిగినవి. అన్నియు సరిగా నున్నవనుకొని నిద్రపోతిమి. వీధిలో స్తంభమునుండి మా యింటికి వచ్చు ఇంటర్నెట్టు తీగ తెగియుండెనని మాకు తెలియదు. మూడు గంటల వేళ మామగారు దాహమై పిలిచినారట. మూడు మాఱులు పిలిచినారట. దిండు ప్రక్కనున్న ఫోను మ్రోగలేదు. వారు చేతికఱ్ఱ పట్టుకొని లేవబోయి జారిరి. నాలుగు గంటలకు కల్లాపి చల్లుటకు లేచి పెరటికి పోవుచు మేము చూచితిమి. కుడి మణికట్టు వాచిపోయి, నేలపై నొక ప్రక్కకు తిరిగి పండుకొనియుండిరి. దేవుని దయవలన ఎముక విఱుగలేదు. వారు కోపింపలేదు. "పిలిచినా గదమ్మా. నీ పెట్టె పలకల్యా," అని మాత్రము అనిరి. "నీ పెట్టె" యన్న ఆ మాట మా మనస్సులో చాల దినములు మెదలుచుండెను.

ఆ దినమే దేవునిగూటిలోని యిత్తడి గంటను తెచ్చి, పడసాలలో కట్టి, దాని త్రాటిని వారి కుడిచేతి కందునట్లు మంచపుకోటికి చుట్టితిమి.

మూడవనాడు తీగ బాగుచేయు అబ్బాయి వచ్చెను. అతికించిన వెంటనే కెమెరా మరల పలికినది. "నెట్ వచ్చింది గదక్కా, ఇంకేం ప్రాబ్లం లేదు," అని యతడు మోటారుబండి యెక్కిపోయెను. ఇంటిలోని వారందఱును తృప్తిపడిరి. మాకు మాత్రము ఒక సందేహము మిగిలినది. తెగినది వీధిలోని తీగ. మామగారున్నది కొట్టిడిలో, మేమున్నది పడసాలలో. నడుమ ముప్పది అడుగుల దూరము. ఇంటిలో మాట ఇంటిలోనికి వచ్చుటకు వీధిలోని తీగ యెందులకు కావలెను?

మా వారినడిగితిమి. "రాతిగోడలు గదా, అలలు దాటిరావు," అనిరి. అది కొంత నిజమే. వైఫై యనునది కంటికి కానరాని రేడియో అలల మాట. మన యిండ్లలో నవి సాధారణముగా రెండు తరగతులు: 2.4 గిగాహెర్ట్జు లనియు, 5 గిగాహెర్ట్జు లనియు. మొదటిది నెమ్మదైనది గాని గోడలను కొంత బాగుగా దాటును. రెండవది వేగము గలది గాని రాతిగోడ యడ్డు వచ్చినచో త్వరగా క్షీణించును. నీళ్ళు, లోహము ఈ యలలకు పెద్ద విరోధులు. మా వైపున కొళాయి నీరు దినదినమును రాదు గనుక, ప్రతి యింటను డ్రమ్ముల వరుస యుండును. ఆ నిండు డ్రమ్ముల వెనుకనో, ఇనుప బీరువా చాటుననో వైఫై పెట్టెను పెట్టి, అది పనిచేయలేదని విసుగుకొనువారిని చూచినాము. మేమును మొదట అట్లే పెట్టియుంటిమి. దానిని తీసి గవాక్షికి దాపున ఎత్తుగా పెట్టినంతనే బొమ్మ తేటపడినది.

అయినను గోడలపై నేరము మోపుటకు మాకు మనసొప్పలేదు. 1895లోనే జగదీశచంద్ర బోసుగారు కలకత్తా టౌన్ హాలులో తీగ లేకుండ అలలను పంపి, గోడల కావలనున్న గంటను మ్రోగించి, తుపాకిమందును పేల్చి చూపిరి. గోడ కావలి గంట యప్పుడే మ్రోగినది. మా గంట యేల మ్రోగదు?

గోడ దోషమో కాదో తేల్చుటకు సులభమైన పరీక్ష గలదు: గోడను నడుమనుండి తీసివేయుటయే. ఆదివారము మధ్యాహ్నము మామగారు నిద్రించుచుండగా, వీధినుండి వచ్చు తీగను మేమే పెట్టెనుండి ఊడదీసితిమి. ఫోనును తీసికొనిపోయి కెమెరాకు జానెడు దూరమున పట్టితిమి. బొమ్మ వచ్చినది! ఒక్క నిమిషము సంతోషించి, పిదప చూతుముగదా, ఫోనులో మొబైల్ డేటా తెఱచియున్నది. ఆ బొమ్మ కెమెరానుండి పెట్టెలమీదుగా వచ్చినది కాదు. అంతకుముందు నిలిచిపోయిన బొమ్మను ఫోను చూపుచుండెను. మొబైల్ డేటాను ఆపి, యాప్‌ను మూసి మరల తెఱచితిమి. ఏమియు రాలేదు. జానెడు దూరము, నడుమ గోడ లేదు, రెండు పెట్టెల దీపములును వెలుగుచున్నవి, అయినను వాని మధ్య మాట లేదు.

కావున గోడలు నిర్దోషులు. ఈ పరీక్ష చేయు సోదరీమణులు మొబైల్ డేటాను ముందుగా ఆపవలెనని ముఖ్యముగా మనవి చేయుచున్నాము. అది తెఱచియున్నంతసేపు ఇంటిలోని లోపమును కప్పిపుచ్చుచునే యుండును.

అప్పుడు మాకు బోధపడినది. నాలుగు నెలలుగా మామగారి మాట కొట్టిడినుండి పడసాలకు వచ్చుటయే లేదు. కొట్టిడినుండి వీధికి, వీధినుండి ఎచ్చటనో దూరమున నున్న కెమెరా కంపెనీవారి యంత్రమునకు పోయి, అచ్చటనుండి మరల మా వీధికి, మా పడసాలకు వచ్చుచుండెను. ప్రక్కగదిలోని అత్తగారికి ఉత్తరము వ్రాసి, కడప తపాలా కచేరీ మీదుగా తెప్పించుకొన్నట్లు! తపాలా వేగముగా నున్నంతకాలము ఈ చుట్టుదారి యెవరికిని తెలియదు. ఇంటర్నెట్టు వచ్చుట వేఱు, ఇంటిలోని యంత్రములు తమలో తాము మాటలాడుట వేఱు. తీగ బాగుచేయు అబ్బాయి మొదటిదానిని బాగుచేసెను. రెండవది మా యింట మొదటినుండియు లేదు.

ఎందులకు లేదో చూడవలెనని కూర్చుంటిమి. మా నాయనగారు మాకు ఇంటివద్దనే భారతము, భాగవతము చెప్పించిరి గాని, ఈ విద్యలు చెప్పించలేదు. అయినను అన్వయము కుదరని పద్యమును పదము పదముగా విడదీసి చూచుట వారు నేర్పినదే. ఆ రీతిగనే మొదలుపెట్టితిమి.

వైఫైలో చేరిన ప్రతి యంత్రమునకు పెట్టె యొక నంబరు నిచ్చును. దీనిని ఐపీ అడ్రసు అందురు. ఫోనులో సెట్టింగులు తెఱచి, వైఫై పేరుమీద నొక్కి చూచినచో నాలుగు అంకెల గుంపులు చుక్కలతో విడదీసి కనబడును. మా ఫోనుది 192.168.1.7. కెమెరా నంబరును దాని యాప్‌లో వెదకగా 192.168.0.4 అని యున్నది. ఇండ్లలో వాడుకొనుటకై ఇట్టి నంబర్ల వరుసలను 1996లో ప్రత్యేకముగా నిర్ణయించిరట. అందుచే మీ యింటను, మా యింటను, అమెరికాలోని యింటను ఇవే నంబర్లుండవచ్చును, తగవు రాదు. సామాన్యముగా మన యిండ్లలో మొదటి మూడు గుంపులు వీధి పేరువంటివి, చివరిది తలుపు నంబరు వంటిది. మా ఫోను "1" వీధిలో నున్నది, కెమెరా "0" వీధిలో నున్నది. ఒక్క యింటిలో రెండిండ్లు!

పిల్లవాడు తగిలించిన రెండవ పెట్టె మొదటిదానికి సహాయముగా నిలువక, తానే యొక యజమానియై, తన వెనుక చేరినవానికి వేఱుగా నంబర్లు పంచుచుండెను. ఒక వంటింట ఇద్దఱు అత్తలున్న కథయే. పైగా ఇట్టి పెట్టెకు అంతఃపురపు కావలివాని స్వభావము గలదు. లోపలివారు బయటికి కబురంపిన బదులు రానిచ్చును. బయటివారు తమంత తాము వచ్చిన వాకిటనే ఆపివేయును. ముందు పెట్టెలోని మా ఫోను దానికి బయటిదే. అందువలన కెమెరా లోకమునకంతటికి కనబడుచు మాకు కనబడలేదు.

మందు కష్టమైనది కాదు. రెండవ పెట్టె సెట్టింగులలో "యాక్సెస్ పాయింట్" అను మాట యున్నచో దానిని ఎన్నుకొనవలెను. అప్పుడది నంబర్లు పంచుట మాని, అలలను ముందుకు సాగించుట మాత్రము చేయును. ఆ మాట లేని పాతపెట్టెలైనచో, నంబర్లు పంచు పనిని ఆపి, ముందుపెట్టెతో తగవు రాని నంబరును దానికిచ్చి, "వ్యాన్" అని వ్రాసిన రంధ్రమునుండి తీగను తీసి "ల్యాన్" అను రంధ్రములో పెట్టవలెను. పెద్దవాడు బడినుండి వచ్చినంతనే ఇద్దఱము కూర్చుండి చేసితిమి. కెమెరాను ఒకసారి ఆపి తిరిగి పెట్టగా 192.168.1.12 అని నంబరు వచ్చెను. వీధి ఒకటైనది.

అయినను మాట రాలేదు. ఇచ్చట మేము కొంత అధైర్యపడిన మాట నిజము. పొయ్యిమీద సంగటి అడుగంటినది కూడ నప్పుడే.

పెద్దవాడు తల గోకికొని, "అమ్మా, కెమెరాను గెస్ట్ నెట్‌వర్కులో పెట్టినా," అనెను. అతిథులకై ప్రత్యేకమైన పేరు, పాస్‌వర్డు పెట్టుటకు చాల పెట్టెలలో వసతి గలదు. ఇంటికి వచ్చినవారు ఇంటర్నెట్టు వాడుకొనవచ్చును గాని ఇంటిలోని తక్కిన యంత్రములను చూడలేరు. అతిథులు ఒకరినొకరు కూడ చూడలేరు. కొన్ని పెట్టెలలో అతిథుల పేరు లేకయే "ఐసొలేషన్" అను మీట యొకటి యుండి ఇదే పని చేయును. బడులలోను, పూటకూళ్ళ యిండ్లలోను అది మేలు. వాడు చేసినదియు తెలివితక్కువ పని కాదు. ఎచ్చటి కంపెనీదో యెఱుగని కెమెరాకు మన ఫోనులు, తండ్రిగారి కంప్యూటరులోని పిల్లల మార్కులు కనబడకూడదని వాని భయము. ఆ భయము మాకును నచ్చినది. కాని రోగి గదిలోని కెమెరా అతిథి గాదు. దాని పాత పాస్‌వర్డును మార్చి, ఇంటివారి నెట్‌వర్కులో చేర్చి, వచ్చిపోవు బంధువుల ఫోనులను అతిథుల పేరులోనికి పంపితిమి. ఈ విషయములో మా వారికిని మాకును ఇప్పటికిని కొంత భేదాభిప్రాయము కలదు. కెమెరాయే యింటిలో నుండరాదని వారు, మామగారు పడరాదని మేము.

అప్పుడు బొమ్మ వచ్చినది. తీగ ఊడదీసి, మొబైల్ డేటా ఆపి చూచితిమి. వచ్చినది.

మూడు దినములకు కరెంటు పోయి వచ్చినది. మరల బొమ్మ లేదు. ఈసారి మేము గాబరాపడలేదు. పింగ్ అను చిన్న పరీక్ష గలదు. 1983లో మైక్ మూస్ అను నతడు దీనిని వ్రాసెను. జలాంతర్గాములను వెదకుటకు నీటిలో పంపు శబ్దము తిరిగివచ్చు తీరునుబట్టి ఆ పేరు పెట్టెను. ఫోనులో దీనికి ఉచితమైన యాప్‌లు దొరకును. ఒక నంబరు నిచ్చినచో "ఉన్నావా?" యని పిలిచి, బదులు వచ్చుటకు ఎన్ని మిల్లీసెకండ్లు పట్టెనో చెప్పును. 12కు పింగ్ చేసితిమి, బదులు లేదు. పెట్టెలోని జాబితా తెఱచి చూడగా, కరెంటు వచ్చినప్పుడు పెట్టె మరల నంబర్లు పంచి, కెమెరాకు 9 ఇచ్చినది. మేము పాత తలుపు తట్టుచున్నాము! ఒక యంత్రమునకు ఎల్లప్పుడు ఒకే నంబరిచ్చునట్లు పెట్టెలో "రిజర్వు" చేయవచ్చును. చేసితిమి. నంబర్లన్నియు బీరువా తలుపు లోపలివైపున కాగితముపై వ్రాసి అంటించితిమి.

నంద్యాలలోని మా చెల్లెలికి ఇదంతయు ఫోనులో చెప్పగా, ఆమె యింటి ప్రింటరు ఆఱు నెలలుగా ఫోనుకు కనబడకపోవుటకు కారణము కూడ నంబరు మాఱుటయే యని తేలినది. పాపము, దానిని అమ్మివేయ దలచియుండెను. ఆమె అపార్టుమెంటులో వేఱొక చిక్కున్నది. ప్రక్క యిండ్ల పెట్టెలన్నియు ఒకే గాలిలో మాటలాడుచుండును. 1971లో హవాయి విశ్వవిద్యాలయమున నార్మన్ అబ్రమ్సన్ గారు, ద్వీపముల మధ్య యంత్రములు ఒకే రేడియో దారిని పంచుకొనునట్లు చేసినప్పుడు, రెండు ఒక్కసారి మాటలాడి కలగలిసిపోయినచో, రెండును కొంతసేపు ఆగి మరల పలుకవలెనని యేర్పరచిరి. వైఫైలోను ఆ మర్యాదకు సంతతి గలదు. పలుకుటకు ముందు ఇతరులు పలుకుచున్నారేమో వినుట దీని కదనము. గుంపు పెరిగినకొలది ఆగుట యెక్కువగును. అట్టిచోట 2.4 గిగాహెర్ట్జులలో 1, 6, 11 అను మూడు దారులలో తక్కువ రద్దీగలదానిని ఎన్నుకొనుట మంచిది. ఆ మూడును ఒకదానితో నొకటి కలియవు. మా పల్లెలో ఆ బాధ లేదు. మా వీధిలో వైఫై పెట్టెలు నాలుగో ఐదో.

అన్నియు కుదిరిన రాత్రి తొమ్మిది గంటలకు కడపటి పరీక్ష చేసితిమి. పాత ఫోనునొకదానిని సిమ్ము తీసి, కొట్టిడి బొమ్మను మాటను ఎల్లప్పుడు చూపునట్లు మా తలదిక్కున పెట్టితిమి. వీధి తీగను ఊడదీసితిమి. మామగారితో, "మామా, మెల్లగా ఏదైనా అనండి," అని చెప్పి పడసాలలో కూర్చుంటిమి. కొంతసేపు ఫ్యాను చప్పుడే వినవచ్చెను. పిదప వారి గొంతు, "ఏమ్మా, ఇప్పుడన్నా వినబడుతాందా?" అని వచ్చెను. వినబడుచున్నదని చెప్పితిమి. "సరే గాని, ఆ గంట మాత్రం విప్పొద్దు," అనిరి. విప్పలేదు.

కెమెరా కొనబోవు వారికి ఒక మాట. కొన్ని రకములు కంపెనీవారి యంత్రము లేనిదే ఒక్క పలుకైన పలుకవు. ఇంటి వైఫై ఎంత బాగుగానున్నను వానివలన ఈ పని జరుగదు. కొనక ముందే, "ఇంటర్నెట్టు లేనప్పుడు ఇంటిలో పనిచేయునా?" యని అడుగవలెను. అంగడివానికి తెలియనిచో, తిరిగి యిచ్చు గడువు లోపల తీగ ఊడదీసి చూచుకొనవలెను. మాది అదృష్టవశమున నంబరుతో నేరుగా పలుకు రకము.

కరెంటు పోయినప్పుడు పెట్టెలు రెండును, కెమెరాయు ఆగిపోవుననునది ఇంకను తీరలేదు. దానికి చిన్న బ్యాటరీలు మూడు తెప్పించితిమి. రెండు పెట్టెలకు సరిపోయినవి. కెమెరాకు వచ్చిన దాని మొన పట్టలేదు. మార్పించుటకు మా వారు శనివారము ప్రొద్దుటూరు పోవుదురు.